ధనలక్ష్మమ్మకు రెండు గడులు

నేను ముప్పై నాలుగేళ్లు చేసిన ఉద్యోగం ఏమిటో మా అత్తకు చివరిదాకా అర్థం కాలేదు. "మా అల్లుడు ఆడిటర్ ఆఫీసులో పటాలు గీస్తాడు" అని ఇరుగుపొరుగుకు చెప్పేది. దాంతో మణవాళనగర్‌లో మా వీధివాళ్లు నన్ను ఇళ్ల ప్లాన్లు గీసేవాడిననుకొని, మెట్లు ఏ మూల పెట్టాలో అడగడానికి వచ్చేవాళ్లు. నేనూ కాదనకుండా సలహా ఇచ్చి పంపేవాణ్ణి. ఆ మెట్లు ఇప్పటికీ నిలబడే ఉన్నాయి.

నిజానికి నేను గీసినవి ఆస్తుల పటాలు. కలిగిన కుటుంబానికి ఒక్క కంపెనీతో సరిపోదు. నాలుగు కంపెనీలు, రెండు భాగస్వామ్యాలు, తాత పేరు మీద ఒక ట్రస్టు, అల్లుడి పేరు మీద ఎవరూ మాట్లాడని ఒక గోడౌను ఉంటాయి. ఏది ఎవరిది, ఎవరి వాటా ఎంత, ఏది అమ్మాలంటే ఎవరెవరు సంతకం పెట్టాలి అన్నది ఒకే కాగితం మీద గడులుగా, గీతలుగా చూపించడం నా పని. ఇప్పుడు దీన్ని ఫ్యామిలీ ఆఫీస్ పని అంటున్నారు. చెన్నైలో ఈ పని చేసేవాళ్లకు అద్దాల గదులు ఉన్నాయట. తిరువళ్లూరులో మాకు బస్టాండు వెనక మేడ మీద రెండు గదులు, రెండింటికీ కలిపి ఒక ఫ్యాను ఉండేవి.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. తమిళంలో రాస్తే ఎక్కువమంది చదువుతారని మా అమ్మాయి అంది. నిజమే. కానీ తప్పులు ఒప్పుకోవాలంటే నాకు ఇంటి భాషే కావాలి. ప్రమోషన్ల గురించి ఏమీ రాయను. మా ఆఫీసులో ఉండేది ఆడిటరుగారు, నేను, టైపు కొట్టే ఒకామె. ముగ్గురిలో ఎవరు ఎవర్ని దాటి పైకి పోతారు?

క్యాలెండరు వెనక

మా ఆడిటరు పేరు శేషాద్రి. పిసినారి. పొద్దున కాఫీ కడుపులో పడేదాకా మనిషి కాడు. పాత క్యాలెండరు కాగితాల వెనకవైపు తెల్లగా ఉంటుంది కదా, కంప్యూటర్లు రాకముందు మా పటాలన్నీ దాని మీదే గీయించేవాడు. పట్టుచీరల కొట్టువాళ్లు ఇచ్చే పెద్ద క్యాలెండరు దొరికితే ఆ నెలంతా సంతోషంగా ఉండేవాడు. పెన్సిలుతోనే గీయాలి. ఇంటివాళ్లు చూసి అవునన్నాకే ఇంకు ముట్టుకోవాలి.

పటం పూర్తిచేసి చూపిస్తే ఏదో ఒక గడి మీద వేలు పెట్టి, "ఇది ఎవరు చెప్పినారు మణీ?" అనేవాడు.

"పత్రంలో ఉండాది సార్."

"పత్రానికి ఎవరు చెప్పినారు?"

మొదటి ఏడాది ఆ ప్రశ్నకు నాకు ఒళ్లు మండేది. రెండో ఏడాది నేనే టైపు కొట్టే ఆమెను అలా అడగడం మొదలుపెట్టాను. ఆమెకూ మండేది. అయినా ఆయన గురించి ఒక మాట చెప్పాలి. ఎంత పెద్దమనిషి ఎదురుగా కూర్చున్నా, ఎంత తొందరపెట్టినా, చదవని కాగితం మీద ఆయన సంతకం పెట్టగా నేను చూడలేదు.

ఓనరు ఎవరో కనుక్కోవడానికి

మింజూరులో బియ్యం వ్యాపారం చేసే అన్నదమ్ములు ఇద్దరు ఉండేవాళ్లు. వాళ్ల పటం గీస్తే ఒక గడి ఏ గీతకూ అందకుండా మూల మిగిలిపోయింది. పళవేర్కాడులో ఒక ఐసు ఫ్యాక్టరీ. అన్నను అడిగితే అది తమ్ముడిదన్నాడు. తమ్ముడు అన్నదే అన్నాడు. ఇద్దరూ తొమ్మిదేళ్లుగా అదే నమ్మకం మీద ఉన్నారు, ఎదుటివాడికి ఎక్కువ పోయిందే అని లోపల కొంచెం కడుపుమంట కూడా పెట్టుకున్నారు.

నేను పొన్నేరిలో బస్సు మారి పోయి చూశాను. గేటుకు తాళం, లోపల కోళ్లు. వాచ్‌మన్ లుంగీ సర్దుకుంటూ వచ్చి, "మీరు ఓనరా సార్?" అన్నాడు.

"కాదన్నా. ఓనరు ఎవరో కనుక్కుందామని వచ్చినాను."

"నేనూ అదే కనుక్కుందామని ఉండాను," అన్నాడు.

రొయ్యల సీజను కాబట్టి ఆ పూట ఆ వాచ్‌మన్ ఇంట్లో భోజనం బాగానే జరిగింది. తిరిగి వచ్చి పాత పత్రాలు తీయిస్తే ఫ్యాక్టరీ ఇద్దరిదీ చెరిసగమని తేలింది. చిన్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే. కాగితాలతో కొంతదూరం పోవచ్చు, తర్వాత బస్సు ఎక్కాలి. కంప్యూటరు ముందు కూర్చొని కాళ్లు కదపనివాడికి ఈ పని సగమే వస్తుంది.

పెండ్లి కాలేదన్న కంప్యూటరు

తర్వాత సాఫ్ట్‌వేరు వచ్చింది. మా కాలమే గొప్పదని చెప్పే ముసలివాణ్ణి కాను నేను. అది మంచి పనిముట్టు. ఒకచోట వాటా మారిస్తే అన్నిచోట్లా తనే మారుతుంది. కుటుంబ ఒప్పందంలోని నియమాలు ఒకసారి ఎక్కిస్తే, ఫలానా ఆస్తి అమ్మడానికి ఎవరి సంతకాలు కావాలో పటం కింద తనే అచ్చేసి ఇస్తుంది. నాకు రెండు రోజులు పట్టే పనిని కాఫీ చల్లారేలోపు చేసేసేది.

ఒక్కటే చిక్కు. దాన్ని తయారుచేసినవాళ్లకు మేనరికం తెలియదు.

నేర్చుకోవడానికని ముందు నా కుటుంబాన్నే ఎక్కించాను. నా భార్య రోసమ్మ నా మేనత్త కూతురు. మా తాత కింద మేనత్త, ఆమె కింద రోసమ్మ గడి వచ్చాయి. అక్కణ్ణుంచి గీత లాగి నా పక్కన భార్యగా కలపబోతే ఎర్ర అక్షరాలు లేచాయి. ఈ మనిషి ఇప్పటికే ఈ కుటుంబంలో ఉంది, భార్యగా చేర్చడానికి వీల్లేదు అని దాని భావం. ఇంటికి పోయి నవ్వుతూ చెప్పాను.

"అయితే మీ కంప్యూటర్ లెక్కలో మనకు పెండ్లి కాలేదా?" అంది రోసమ్మ. "ముందే చెప్పింటే నా దోవ నేను చూసుకోని ఉందును గదా."

మా వైపు మేనరికం లేని ఇల్లు ఎక్కడ వెతకాలి? హిందువులైనా, మాలాంటి కిరస్తానీలైనా, ఒక తరంలో కాకపోతే ఇంకో తరంలో ఉంటుంది. అందుకని నేను ఒక ఉపాయం కనిపెట్టాను. అలాంటి ఆడమనిషిని రెండుసార్లు ఎక్కించడం. పుట్టినింటి వైపు ఒక గడి, మెట్టినింటి వైపు ఒక గడి. ఒకే పాన్ నంబరు ఇద్దరికి ఇస్తే అది ఒప్పుకోదు కాబట్టి రెండో గడిలో నంబరు ఖాళీగా వదిలేసేవాణ్ణి. పక్కన చిన్న పసుపు గుర్తు వచ్చేది. దాన్ని పట్టించుకునేవాణ్ణి కాదు. నా తెలివికి నేనే మురిసిపోయాను, టైపు కొట్టే ఆమెకు కూడా నేర్పించాను.

తిరుత్తణి ఫ్లెక్సు

తిరుత్తణిలో మునిరత్నంగారి కుటుంబం నేతవాళ్లు. తాతల కాలంలో రెండు మగ్గాలు, ఇప్పుడు చీరల హోల్‌సేలు, మణవాళనగర్ వైపు ప్లాట్లు, ఇంకా ఏవేవో ఉన్నాయి. ఊళ్లో ఆయన్ను అందరూ మొదలాళి అంటారు, యజమాని అని. ఫ్యామిలీ ఆఫీసు గురించి మొదటిసారి చెప్పినప్పుడు ఆయన, "ఫ్యామిలీ మాది, ఆఫీసు మాది. మధ్యలో మీరు దేనికి సార్?" అన్నాడు. కొడుకు భాస్కర్ చెన్నైలో చదివి వచ్చినవాడు, వాడి పట్టు మీద పని మాకు వచ్చింది.

భాస్కర్ తొందరకు కారణం ఉంది. వాళ్ల అద్దకం షెడ్డు ఊరి నడుమ, రోడ్డు పక్కన ఉంది. దాన్ని కల్యాణ మండపానికని చెన్నై పార్టీ ఒకటి అడిగింది. షెడ్డు ఒక కంపెనీ పేరు మీద ఉంది. ఆ కంపెనీలో నాలుగో వంతు, అంతకు మించి వాటా ఉన్న ప్రతి ఒక్కరూ సంతకం పెడితేనే అమ్మాలని మునిరత్నంగారి నాన్న ఒప్పందం రాయించి పోయాడు.

ఆ షెడ్డు నడిపేది ధనలక్ష్మమ్మ. మునిరత్నంగారి అక్క కూతురు. ఆయన తమ్ముడికే ఇచ్చి చేశారు. అంటే ఆయనకు మేనకోడలు, తమ్ముడి భార్య కూడా. భర్త పోయి పదకొండేళ్లు. తల్లి వీలునామాతో నూటికి పదిహేను వాటా ఆమెకు వచ్చింది, భర్త పోయాక ఇంకో పద్దెనిమిది వచ్చింది. మొదటి పత్రంలో పేరు ముందు తండ్రి ఇనిషియలు, రెండోదాంట్లో భర్తది. నేను మామూలుగా రెండు గడులు వేశాను, రెండోదాంట్లో నంబరు ఖాళీగా వదిలాను. సాఫ్ట్‌వేరు సంతకాల పట్టీ అచ్చేసి ఇచ్చింది. మునిరత్నం, భాస్కర్. రెండే పేర్లు. వచ్చే సోమవారానికి రిజిస్ట్రారు ఆఫీసులో టోకెను కూడా నేనే తీసిపెట్టాను.

ఇంటివాళ్లకు పటం చూపించే రోజు పోయి చూద్దునుగదా, భాస్కర్ దాన్ని ఫ్లెక్సు బ్యానరుగా కొట్టించి హాల్లో గోడ నిండా కట్టాడు. మా జిల్లాలో చెవులు కుట్టినా ఫ్లెక్సే, రిటైరైనా ఫ్లెక్సే. గడుల్లో పేర్లతో ఊరుకోకుండా అందరి ఫోటోలూ పెట్టించాడు. ఫ్లెక్సు కొట్టువాడు ధనలక్ష్మి అని రెండుచోట్ల చూసి, ఆమె ఫోటో రెండుచోట్లా అతికించాడు.

ధనలక్ష్మమ్మ కాఫీ గ్లాసుల పళ్లెంతో వచ్చింది. యాభై దాటిన మనిషి, మోచేతుల దాకా వదలని రంగు మరకలు. పళ్లెం పట్టుకునే గోడవైపు చూసి నిలబడిపోయింది.

"నేను ఇద్దరు యట్లయినాను సార్?"

అందరూ నవ్వారు. "ఒకదానితోనే వేగలేకుండాము, దేవుడు ఇంకొకదాన్ని ఇచ్చినాడు," అన్నాడు మునిరత్నంగారు. మేనరికం అంటే కంప్యూటరుకు పడదమ్మా, అందుకే అలా వేశానని నేనూ నవ్వుతూ చెప్పాను. ఆమె కూడా కొంచెం నవ్వింది. కాఫీలు ఇచ్చి, వెళ్లబోతూ తలుపు దగ్గర ఆగింది.

"మా ఇద్దరిదీ కలిపితే ఎంత పంగు వస్తాది?"

పంగు అంటే వాటా. ఆ మాట ఎవరికీ వినబడలేదో, విన్నా పట్టించుకోలేదో. భాస్కర్ అప్పటికే ప్లాట్ల సంగతి ఎత్తుకున్నాడు. ఆమె ఒక క్షణం చూసి లోపలికి పోయింది. నేను మాత్రం విన్నాను. విని, ఇడ్లీ తిన్నాను.

పదిహేను, పద్దెనిమిది

తిరుగు లోకల్ ట్రైన్‌లో కిటికీ పక్క సీటు దొరికింది. జామకాయలు కొని, ఉప్పూకారం అద్దుకొని తింటూ, ఆమె అడిగినదానికి జవాబేమిటా అని సరదాకే కలిపి చూశాను. పదిహేను, పద్దెనిమిది, ముప్పై మూడు. నాలుగో వంతు కాదు, మూడో వంతు. ఆ కంపెనీలో మునిరత్నంగారి తర్వాత పెద్ద వాటా ఆమెదే. భాస్కర్‌కు ఇరవై ఏడే.

చేతిలోని జామకాయ పొట్లంలో పెట్టేశాను. ఆమె బతుకంతా ఆ షెడ్డులో ఉంది. సోమవారం పొద్దున అది ఆమెను ఒక్క మాట అడక్కుండా పోబోతోంది, నేను ఒక మనిషిని రెండు ముక్కలు చేసినందుకు. సిగ్గేసింది. ఆమె నిలబడి అడిగినప్పుడు నేను నవ్వానే అన్నది తప్పు చేసినదానికన్నా ఎక్కువ బాధపెట్టింది.

సాయంత్రం శేషాద్రిగారి ముందు పటం పరిచాను. నేను నోరు తెరవకముందే ఆయన వేలు రెండో గడి మీద పడింది.

"నంబరు ఎందుకు ఖాళీగా ఉండాది?"

చెప్పాను. ఆయన పటం తనవైపు తిప్పుకొని రెండు వాటాలూ కలిపి చూశాడు. ఆ ఏడాది మా ఫీజుల్లో సగం మునిరత్నంగారివే, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. నేను లోకజ్ఞానిలాగా, "పట్టీ మార్చి మెయిల్లో పంపించేస్తాను సార్, కర్ర విరగకుండా పాము చస్తుంది," అన్నాను.

"మెయిల్ భాస్కర్ చదువుతాడు. చదివి మూసేస్తాడు. నువ్వు పోయి పెద్దాయనకు చెప్పు. తప్పు చేసినోని నోట్లోంచే రావాల."

"ఆయన మన పని పీకేస్తే?"

"ఇంకో ఫ్యాను కొనాలనుకున్నాను. పీకేస్తే ఒకటితోనే ఉందాం."

పో అన్నాడే గాని, మర్నాడు శనివారం స్టేషనుకు పోతే నాకన్నా ముందే ప్లాట్‌ఫారం మీద గొడుగు పట్టుకొని నిలబడి ఉన్నాడు.  

షెడ్డులో

మునిరత్నంగారు ఇంట్లో కూర్చొని అంతా విని, "కంప్యూటర్ చేసిందా, మీరు చేసినారా?" అన్నాడు.

"నేనే చేసినాను మొదలాళి."

ఇలా ఒప్పుకుంటే ఏమవుతుందని చిన్నవాళ్లు అడుగుతారు. ఏమీ కాదు, చెవులు వేడెక్కుతాయి. తర్వాత చల్లారతాయి.

భాస్కర్ పెద్దగా కలత పడలేదు. "పిన్నమ్మే గదా నాయనా. కాదంటాదా? నేను పోయి కయ్యెళుత్తు పెట్టించుకోని వస్తాను," అని పెన్ను జేబులో పెట్టుకున్నాడు. మా వైపు సంతకాన్ని అలాగే తమిళంలో అంటాం.

శేషాద్రిగారు గొడుగు మీద చేతులానించి, "పెట్టించుకునేది వేరే, అడిగేది వేరే తంబీ," అన్నాడు.

మునిరత్నంగారు ఆయన వైపు చూశాడు. కోపం వచ్చిందనే అనుకున్నాను. లేచి కండువా వేసుకొని, "అడిగేదానికే పోదాం, రాండి," అన్నాడు.

నలుగురం ఆటోలో షెడ్డుకు పోయాం. లోపల ఆవిరి, రంగు వాసన. ధనలక్ష్మమ్మ తొట్టి దగ్గర నూలు కట్టలు, చిలపలంటారు, కర్రకు వేసి ముంచుతూ ఉంది. పక్కన ఇంకో ముగ్గురు ఆడవాళ్లు. మొదలాళిని చూసి వాళ్లు పక్కకు జరిగారు, ఆమె మాత్రం కర్ర వదల్లేదు.

మునిరత్నంగారు గొంతు సవరించుకున్నాడు. ఆ మనిషి నోట మాట కోసం వెతకడం నేను అప్పుడే చూశాను. "అమ్మా, ధనం. ఈ షెడ్డు అమ్మాలనుకుంటా ఉండాము. దీంట్లో నీ పంగు మూడో వంతు ఉండాదంట. నువ్వు కయ్యెళుత్తు పెడితేనే అవతాది. అడుగుదామని వచ్చినాను."

 ఆమె చేతులు ఒకసారి ఆగాయి. నా వైపు చూసింది, మళ్లీ తొట్టిలోకి చూసింది.

"మూడో వంతా," అంది. కాసేపటికి, "రంగు కాగతా ఉండాది మామా. ఇప్పుడు ఇడిసిపెడితే మచ్చలు పడతాయి. ఇది తీసేదాకా కూచోండి. ఆలోచించి చెప్తాను."

కూర్చోవడానికి కుర్చీలు లేవు. నూలు మూటల మీద కూర్చున్నాం, మొదలాళి, ఆయన కొడుకు, మా ఆడిటరు, నేను. మునిరత్నంగారు ఎవరి కోసమైనా కాచుకోవడం ఆ ఊళ్లో ఎవరూ చూసి ఉండరు. భాస్కర్ రెండుసార్లు లేచాడు. "కూచోరా," అన్నాడు తండ్రి, రెండుసార్లూ. చెన్నై పార్టీ నుంచి వాడికి ఫోను మోగింది, ఎత్తలేదు. ముంచడం, తిప్పడం, పైకెత్తి వెలుతురులో చూడడం, మళ్లీ ముంచడం. ఆమె తొందరపడలేదు, కావాలని ఆలస్యమూ చేయలేదు. ఒక చిలపకు ఎంతసేపు పట్టాలో అంతే పట్టింది. గంటంపావు అయింది. అలా కాచుకొని కూర్చోవడం నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఆఖరి చిలప తీగ మీద ఆరేసి, చేతులు కడుక్కొని, కొంగుతో తుడుచుకుంటూ మా ముందుకు వచ్చి నిలబడింది. నీలం పోలేదు.

"కుదరదు మామా."

"ఎందుకమ్మా అని అడగొచ్చునా?"

"అడగొచ్చు. మీరు అడుగుతారనే అంతసేపు ఆలోచించినాను. ఈ ఆడోళ్లకు, నాకు, ఇది తప్ప వేరే పని రాదు. ఆయన పోయినంక నేను లేచి నిలబడింది ఈ తొట్టి పట్టుకొనే. ఇంకేమైనా అమ్ముకోండి, నేను అడ్డం రాను. ఇది వద్దు."

భాస్కర్ నా వైపు చూశాడు, సాఫ్ట్‌వేరు ఇంకేదైనా దారి చూపిస్తుందేమో అన్నట్టు. నేను నేల చూశాను. మునిరత్నంగారు మూట మీద నుంచి నిదానంగా లేచాడు, మోకాళ్లు పట్టుకొని.

"సరేమ్మా," అన్నాడు.

సోమవారం టోకెను రద్దు చేయడం నా పని. షెడ్డు గుమ్మం దగ్గరే ఫోను తీశాను. రద్దుకు కారణం రాయమని ఒక గడి వచ్చింది. శేషాద్రిగారు కళ్లద్దాలు పైకి జరుపుకొని నా భుజం మీదుగా చూస్తున్నాడు. "ఓనరు ఒప్పుకోలేదు" అని కొట్టి, పంపించేశాను.